బండి కింద నీడ

వెల్లకిలా పడుకుని ఎన్నాళ్ళయిందో. రాత్రిళ్ళు ఆయన వైపు తిరిగి ఒత్తిగిలి పడుకోవడం అలవాటైపోయి, వీపు మొత్తం నేలకి ఆనించి పడుకోవచ్చన్న సంగతే మరిచిపోయాను. ఇప్పుడు గోనెసంచి పరుచుకుని కారు కింద దూరితే నడుములో ఎక్కడో ఒక ముడి విడిపోయినట్టుంది. బయట కత్తెర ఎండలు. తిరువొత్తియూరులో ఈ వేళకి కాకి కూడా అరవదు. కారు కింద మాత్రం నీడ ఉంది, సిమెంటు చల్లగా ఉంది, కాసేపు నన్నెవరూ పిలవరు, పిలిచినా పనిలో ఉన్నానని చెప్పొచ్చు. నూనె కొట్టు శివరామ్ భార్య భువనేశ్వరి ఈ వయసులో కొంగు బొడ్లో దోపుకుని కారు కింద పడుకుందని వీధంతా ఈపాటికే చెప్పుకుని ఉంటారు. చెప్పుకోనీ. నా మొహానికి జానెడు పైన ఒక ఇనప డబ్బా ఉంది. కన్వర్టరంటారు దీన్ని. దీన్ని విప్పి పారేసి కొత్తది బిగించాలి. బిగించాక ఈయనను ఇదే కారులో కోడంబాక్కం తీసుకెళ్ళి ఈయన తమ్ముడి ఇంట్లో దింపాలి. దింపి నేనొక్కదాన్నే లోకల్ రైలెక్కి తిరిగి రావాలి. కొన్నాళ్ళకే, అనుకున్నాం అందరం. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆయన పక్కనే ఉన్నారు, స్టూలు మీద. ఇక్కడి నుంచి నాకు కనిపించేది ఆయన పాదాలే. ఎడమ పాదం రబ్బరు చెప్పులో, వేళ్ళు కదులుతూ, అసహనంగా. కుడి పాదం ఆస్పత్రివాళ్ళిచ్చిన పట్టీల బూటులో, పెట్టిన చోట పెట్టినట్టే. దీపావళి ముందు ఒక తెల్లవారుజామున కుడివైపంతా పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. మొత్తం పోలేదు. ఆఁ మిగిలింది, కాదు మిగిలింది, విసుగొస్తే ఉమ్మినట్టు అనే థూ మిగిలింది. ఇంకా అంకెలు మిగిలాయి. అవీ విడిగా రావు. పన్నెండు అనండి అంటే నోరు తెరిచి అలాగే ఉండిపోతారు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మొదటి నుంచి లెక్కపెట్టమంటే మాత్రం గడగడా వచ్చేస్తాయి. చిన్నప్పుడు నోటికి పట్టిన వరసలు మెదడులో ఇంకో మూల ఉంటాయట, డాక్టరు చెప్పాడు. ఆ మూలలో ఈయనకున్నవి ఎక్కాలు కావు, శ్లోకాలు కావు. జార్జి టౌన్ కొట్టులో నూనె కొలిచేటప్పుడు తాతల నాటి నుంచి మా వాళ్ళు అంటూ వచ్చిన వరస. కొలతలో ఒకటి అనకూడదు, లాభం అనాలి. మొదటి కొలతే లాభం. ఆ తరవాత రెండు, మూడు. కాబట్టి ఇప్పుడు ఈయన పన్నెండో నంబరు స్పానరు నా చేతికివ్వాలంటే లాభం దగ్గర మొదలుపెట్టి పన్నెండు దగ్గర ఆగుతారు, నేను ఓపిగ్గా వినాలి. పద్నాలుగో నంబరైతే ఇంకో రెండు మెట్లు ఎక్కాలి. "లాభం, రెండు, మూడు, నాలుగు" అంటున్నారు. గొంతు మాత్రం పాతదే, కొట్లో వినిపించే గొంతే. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. పదకొండు దాటింది, ఆగింది. ఎడమ కాలితో స్పానరును నా భుజం దాకా నెట్టారు.

సముద్రం పక్కన ఇల్లు, ఏ ఇనుమూ ఇక్కడ సుఖంగా బతకదు. ఊచలు, బకెట్టు చేతులు, కుట్టుమిషను, అన్నిటికీ పొక్కులే. ఈ నట్టు బోల్టుతో ఒకటైపోయి కూర్చుంది. పొద్దున కిరసనాయిలు సీసా చూపించి ఆఁ ఆఁ అన్నారు, పోసి నానబెట్టాను. అయినా లాగితే నా భుజం వస్తోంది గానీ నట్టు రావడం లేదు. అసలిది నా పని కాదు. మెకానిక్ కృష్ణన్ రావాలి, వాళ్ళ అత్తగారు పోయిందని విల్లుపురం వెళ్ళాడు. మా మరిది రాజా మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చాడు. వచ్చి జాకీ ఎత్తాడు, ముందు చక్రాల కింద దుంగలు పెట్టాడు, ఆ తరవాత నడుముకున్న బెల్టు తడుముకున్నాడు. "వదినా, నా వల్ల కాదు. డిస్కు జారిపోయుండాది. ఈడ ఒంగినానంటే మళ్ళా నన్నెత్తేదానికి మనిషి కావాల" అని లోపలికెళ్ళి ఉయ్యాల బల్ల మీద పడుకున్నాడు. టీవీలో క్రికెట్ గోల వినిపిస్తోంది. చిన్నప్పటి నుంచీ అంతేనట, బరువు పని ఎదురైతే అతని కంటే ముందు అతని నడుముకి తెలిసిపోతుంది. మంచివాడే. అన్న పడిపోయినప్పుడు అదే నడుముతో ఆస్పత్రి బెంచీ మీద రోజుల తరబడి పడుకున్నాడు, ఆ మాటా చెప్పాలి. ఈ కొత్త కన్వర్టరు మౌంటు రోడ్డు పక్క సందుల్లో వెతికి కొనుక్కొచ్చిందీ అతనే. అయితే చీకటి పడితే కారు నడపడానికి జంకుతాడు, ఎదురు లైట్లు కళ్ళలో పడితే ఏమీ కనపడదట. కాబట్టి పొద్దు వాలకముందే బయల్దేరాలి. నిన్న ఫోన్లో "అట్లే పోదాం వదినా, కోడంబాక్కం దాకా ఎట్లనో లాగుతుంది" అన్నాడు. నేనూ సరేననేదాన్నే. ఈయన ఒప్పుకోలేదు. పొద్దున కాఫీ తాగించి మూతి తుడుస్తుంటే ఎడమ చేత్తో అట్టపెట్టె వైపు చూపించారు, కారు వైపు చూపించారు, నా వైపు చూపించారు. కృష్ణన్ ఊళ్ళో లేడండీ అన్నాను. కాదు అన్నారు. నా వల్ల ఎక్కడవుతుందండీ అన్నాను. కాదు అన్నారు. నాకు వాదించే ఓపిక లేదు. ఈ మధ్య నేను ఒప్పుకునేవన్నీ ఓపిక లేక ఒప్పుకునేవే.

ఈ డబ్బాలో తేనెపట్టులో ఉన్నట్టు గూళ్ళుంటాయట, పొగ వాటి గుండా పోతూ పోతూ విషం వదిలించుకుని బయట పడుతుందట. ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన ఏడాదే ఈ కారు కొన్నాం. పెద్ద ఊళ్ళలో అమ్మే కొత్త కార్లకి ఇది ఉండి తీరాలని అప్పటికే రూలు వచ్చేసింది. దీనికి సీసం లేని పెట్రోలే పోయాలి, సీసం కలిసింది పోస్తే గూళ్ళు చచ్చిపోతాయి, పూడిపోతాయి అని అమ్మినవాళ్ళు చెప్పారు, ఈయన తలూపారు. ఊళ్ళో అది దొరికేది, ఊరు దాటితే దొరికేది కాదు. మేమేమో నెల తిరిగేసరికి ఊరు దాటేవాళ్ళం. మా అత్తగారు వాసవాంబ ఉన్నన్నాళ్ళు నెలకోసారి తిరుపతి కొండ. దర్శనమై తిరిగొచ్చేటప్పుడు ఆవిడకొక పట్టింపు ఉండేది. కొండ నుంచి వచ్చే పాత్ర ఖాళీగా గడప తొక్కకూడదు. చెంబైనా, టిఫిన్ క్యారియరైనా, ఏదో ఒకటి నింపుకునే ఇంటికి రావాలి. కారు కొన్నాక కారు కూడా పాత్రే అయింది ఆవిడ లెక్కలో. "వట్టి బండి ఇంటికి తోలకూడదు నాయనా, టాంకీ నింపించు" అని పుత్తూరు దగ్గర బంకులో ఆపించేది. అక్కడున్నది సీసం పెట్రోలు. కారు చేసినవాళ్ళేమీ అమాయకులు కారు, తప్పుడు పెట్రోలు పోయకుండా టాంకీ మూతి సన్నగా చేసి పెట్టారు, ఆ బంకు గొట్టం ఇందులో దూరదు. ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవాళ్ళు. మేము నూనె వాళ్ళం. మా డిక్కీలో స్టెప్నీ లేకపోయినా గరాటు ఉంటుంది. ఎంత సన్నమూతి సీసాలోకైనా చుక్క ఒలక్కుండా దింపే చెయ్యి ఈయనది. డబ్బాలో పట్టించి, గరాటు పెట్టి, సన్నటి ధారగా టాంకీ నిండా పోసేసి, "చూస్తివా భువనా, మూతి ఎంత సన్నమైతే ఏంది, మనకాడ గరాటుండాది గదా" అని నవ్వారు. అత్తగారు నవ్వింది, నేను నవ్వాను, ఒకసారి మాతో వచ్చినప్పుడు రాజా కూడా నవ్వాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నువ్వులతో బతికేవాళ్ళకి బాగా అతికిన సామెత. నెలనెలా నిండు టాంకీతో, నిండు పుణ్యంతో ఇంటికొచ్చాం. నెలనెలా ఈ గూళ్ళు పూడుతూ వచ్చాయి.

అత్తగారు కాలం చేశాక ప్రయాణాలు తగ్గాయి, కానీ బండికి ఊపిరాడటం అప్పటికే ఆగిపోయింది. వంతెన ఎక్కాలంటే ముక్కేది, వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. చూపిద్దాం చూపిద్దాం అంటూ రోజులు గడిపాం, కొట్టు పని ఎప్పుడు తెమిలింది గనక. ఆ తెల్లవారుజామున ఇదే కారు. పక్కింటి వరదయ్యగారు లుంగీతోనే వచ్చి నడిపారు. వెనక సీట్లో ఈయన తల నా ఒళ్ళో ఉంది, నోరొక పక్కకి వాలిపోయింది, నా చీర తడుస్తోంది. హైరోడ్డు మీద హార్బరుకి పోయే కంటెయినర్ లారీలు బారులు తీరి ఉన్నాయి. సందు దొరికినప్పుడల్లా వరదయ్యగారు తొక్కుతున్నారు, తొక్కితే మోత తప్ప పరుగు లేదు. సైకిలు మీద పాలవాడు మమ్మల్ని దాటిపోయాడు. ఇంకొంచెం ముందొచ్చి ఉంటే, అని మొదలుపెట్టి డాక్టరు మాట మింగేశాడు. అతనికేం, అతను మింగేశాడు, నాకింకా గొంతులోనే ఉంది. ఎవరిని తిట్టుకోను. దేవుణ్ణి తిట్టలేను, అత్తగారు లేదు. ఈయనను తిడదామంటే వినడానికి ఉన్నారు, తిరిగి అనడానికి లేరు. అట్లాంటి మనిషిని తిట్టడం కంటే నీచం ఇంకోటి లేదు, అయినా రెండు మూడుసార్లు తిట్టాను. తిట్టినప్పుడల్లా నన్ను చూసి ఆఁ అన్నారు.

కదిలింది. కిర్రుమని ఒక చిన్న చప్పుడు, నట్టు కదిలింది, కిరసనాయిలుతో కలిసి ఎర్రటి తుప్పు కళ్ళ మీద రాలింది. ఆయనకి వినపడింది. ఎడమ పాదం వేళ్ళు ఒక్కసారి ముడుచుకుని విప్పుకున్నాయి. "కదిలిందండీ" అన్నాను, "ఆఁ" అన్నారు. ఎంత మామూలుగా ఉందో ఆ మాట. నేనేదో చెప్పడం, ఆయన ఊకొట్టడం, పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో జరిగిందంతా ఇదే కదా, పిల్లా జెల్లా లేని ఇంట్లో ఇంకేం జరుగుతుంది. రెండో నట్టుకి మళ్ళీ లెక్క మొదలైంది, లాభం నుంచి. నాకు నిద్రొస్తోంది. ఈ సిమెంటు మీద, ఈ తుప్పులో, ఈ క్రికెట్ గోలలో హాయిగా నిద్రపోగలను. రేపీపాటికి నేను మంచం మీద కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంటాను. ఎవరినీ పక్కకి తిప్పక్కర్లేదు, దుప్పటి తడిసిందేమో అని చేత్తో తడిమి చూడక్కర్లేదు. ఈ ఆలోచన రాగానే ఒళ్ళంతా తేలికైంది, ఆ వెంటనే సిగ్గేసింది. ఈ రెండూ నాకీమధ్య జంటగానే వస్తున్నాయి.

పనివాడు అమ్మాసి ఉన్నన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాను. పగలు ఈయనకి తోడుండేవాడు, లేపేవాడు, నడిపించేవాడు, నేను కొట్టుకెళ్ళి వచ్చేదాన్ని. ఊళ్ళో తిరుణాళ్ళని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి కొట్టు మూతే. మొన్న పొద్దున స్నానం చేయిస్తుంటే ఈయన కాలు జారింది, పట్టుకోబోయి నేనూ జారాను. దెబ్బలేం తగల్లేదు. కానీ లేపలేకపోయాను. చంకల కింద చేతులేసి లాగాను, గోడకి ఆనించి లాగాను, ఎంత లాగినా లేవలేదు, ఆయన కూడా తన వంతు లేవాలని చూసి చూసి వదిలేశారు. పాలవాడు గేటు కొట్టేదాకా తడి నేల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆయన ఒంటి మీద సబ్బు నురగ ఆరిపోయింది. పాలవాడొచ్చి లేపాక, పంచె కట్టి కుర్చీలో కూర్చోబెట్టి, రాజాకి ఫోను చేశాను. "మీ అన్నను తీసుకోనిపో రాజా. నా చేత కాదు. నాకు నిద్ర కావాల" అన్నాను. ఫోను ఉన్నది హాల్లోనే, కుర్చీ ఉన్నదీ హాల్లోనే. రాజా ఒక్క మాటైనా ఎదురనలేదు. కింద గది ఖాళీగా ఉంది, మగ నర్సు ఒకతన్ని మాట్లాడతా, రోజూ వ్యాయామం చేయించేవాళ్ళు వస్తారు అన్నాడు. నువ్వూ రా వదినా అని కూడా అన్నాడు. నేనెక్కడికి పోను, కొట్టు తియ్యకపోతే ఎవరు తీస్తారు, వాళ్ళింట్లో ఉన్న చోటంతా ఆ ఒక్క గదే. ఫోను పెట్టేసి ఈయన వైపు తిరిగి, విన్నారు కదా అన్నాను. ఆఁ అన్నారు. కాదు అని ఉంటే బాగుండేది. కాదు అనడం బాగా వచ్చిన మనిషి, కాఫీలో చక్కెర తక్కువైతే కాదు, పంచె అంచు వంకరైతే కాదు. దీనికి మాత్రం ఆఁ.

పాత డబ్బా ఊడి ఒక్కసారిగా నా గుండెల మీదికి వాలింది. బరువు. రెండు చేతులా పట్టుకుని పక్కకి దించి, బయటికి నెట్టాను. ఆయన దాన్ని బూటు కాలి పక్కకి లాక్కున్నారు, కర్రతో తట్టారు. లోపల ఏవో పెంకులు గలగలమన్నాయి. కిందటి నెల కృష్ణన్ దీన్ని చూసి, లోపలున్నదంతా చువ్వతో పొడిచి రాల్చేసి, వట్టి డబ్బా మళ్ళీ బిగించేస్తానన్నాడు. బండి బాగా లాగుతుంది, పైకి చూస్తే ఎవరికీ తెలీదు, ఊరంతా చేసేది అదే అన్నాడు. ఈయన థూ అన్నారు. కృష్ణన్ నొచ్చుకున్నాడు, నాకు మాత్రం నవ్వొచ్చింది. డబ్బా మీద ఒకటి, డబ్బాలో ఒకటి ఈయన వల్ల కాదు. నువ్వుల నూనెలో పామాయిలు కలపమని సలహా చెప్పిన బ్రోకరుని మళ్ళీ కొట్టు మెట్టు ఎక్కనివ్వలేదు. నూనె కొలిచే పడిలో అంచు దాటి నురగ పొంగితే, నురగ తగ్గేదాకా ఆగి మళ్ళీ పోసేవారు. కొనడానికొచ్చినవాళ్ళే విసుక్కునేవాళ్ళు, చాలు పోయండి స్వామీ అని. తెలిసి తప్పు తూకం వెయ్యని మనిషి ఆ గరాటుతో నవ్వుతూ నవ్వుతూ కారు ప్రాణం తీశారు, ఏం చేద్దాం.

కొత్తది అట్టపెట్టెలోంచి తీస్తే మెరుస్తోంది, ఇంత మెరిసే వస్తువు ఈ ఇంట్లోకొచ్చి చాలా కాలమైంది. రెండు చేతులా ఎత్తి గొట్టాల మధ్యకి పట్టాను. ఈ కొస సరిపోయినట్టుంది, ఆ కొస చూద్దామనేసరికి పైనుంచి "కాదు" అన్నారు. ఏం కాదండీ. కాదు కాదు అని ఎడమ కాలితో నేల తన్నారు. దించి చూశాను. డబ్బా మీద ఒక బాణం గుర్తు ఉంది, దాని మొన వెనక సైలెన్సరు వైపుండాలి, నేను ఇంజను వైపు తిప్పి పెట్టాను. నేను పెట్టె విప్పుతున్నప్పుడే చూసి ఉంటారు ఆ గుర్తు. తిప్పి పెట్టాను. మధ్యలో పెట్టే గాస్కెట్టు కింద పడిపోతే కాలితో వెతికి నా వైపు జరిపారు. బోల్టులు ఎక్కించాను. ఒకదాన్నే బిగిస్తే రెండో పక్క నోరు తెరుచుకుంటుంది, అటు కాస్త, ఇటు కాస్త బిగిస్తూ రావాలి. ఒకవైపు ఎక్కువ తిప్పితే కాదు, సరిగ్గా తిప్పితే ఆఁ. స్పానరు పళ్ళ చప్పుడు విని చెబుతున్నారో, నా ఊపిరి విని చెబుతున్నారో.

అప్పుడు తట్టింది నాకు. బాణం తిరగబడినా చూడనట్టు ఊరుకోవచ్చు కదా ఈయన. ఊరుకుంటే గొట్టాలు కలవక నేను సాయంత్రం దాకా కుస్తీ పట్టేదాన్ని, చీకటి పడేది, రాజా కారు తియ్యనని వెళ్ళిపోయేవాడు, ఇవాళ గండం గడిచేది. పొద్దున ఈ పని పెట్టినప్పుడు నేననుకున్నది అదే, ప్రయాణం ఆపడానికి వంక వెతుకుతున్నారని. కాదు. తొందరంతా ఆయనదే. వెళ్ళడానికే ఇది చేయిస్తున్నారు. తను వెళ్ళిపోయాక నాకొక ఊపిరాడే బండి ఉండాలి, అంతే. నాకు కారు నడపడం రాదనీ, తిరుగు ప్రయాణం లోకల్ రైల్లో చేస్తాననీ తెలుసు, అయినా లెక్క సరిచేసి వెళ్ళాలి. ఎంత కోపం వచ్చిందో నాకు. ఇంత మంచితనం ఎవరిక్కావాలి. ఏడ్చి గోల చేసి, నేను పోను అని కుర్చీ కోడు పట్టుకుని కూర్చుంటే నేను బలవంతంగా ఎక్కించేదాన్ని, ఎక్కించాక నా మనసు కుదుటపడేది. ఇలా పద్ధతిగా వెళ్ళేవాణ్ణి ఎలా పంపాలి.

స్టూలు జరిగిన చప్పుడైంది. ఎడమ పాదం లేచింది, కర్ర దిగింది, బూటు నేల మీద గీత గీసుకుంటూ కదిలింది. "ఏమండీ, ఎక్కడికి, పడతారు, ఉండండి" అన్నాను. నేను బయటికి పాక్కుంటూ వచ్చేలోగా డ్రైవరు తలుపు తెరుచుకుంది. కారు ఒక పక్కకి కొంచెం వంగి మళ్ళీ నిలబడింది. దీపావళి తరవాత ఆ సీట్లో ఆయన కూర్చోవడం ఇదే. బూటు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నట్టున్నారు, దబ్మంది. గేరు న్యూట్రల్లోనే ఉంది, దుంగలు గట్టిగానే ఉన్నాయి, నేను కదలకుండా పడుకున్నాను. తాళంచెవి ఉన్నది కుడివైపు. ఎడమ చేతిని అటు చాపి తిప్పాలి. ఒకసారి తిప్పారు, అందుకోలేదు. రెండోసారి ఇంజను అందుకుంది.

ఎంత మెత్తగా పలికిందో. కొన్నప్పుడు ఇలా ఉండేదని కూడా మరిచిపోయాను. మోత లేదు, ముక్కడం లేదు. అతుకు చుట్టూ అరచెయ్యి తిప్పి చూశాను, ఎక్కడా గాలి తగల్లేదు. పని అయిపోయింది, అంతా బాగా అయిపోయింది. ఇక నేను బయటికొచ్చి, చేతులు కడుక్కుని, ఆయనకి ఉతికిన పంచె కట్టాలి, మందుల సంచి అందించాలి. లోపల క్రికెట్ ఆగింది. రాజా చెప్పులేసుకుని వరండాలోకొచ్చాడు, మెట్ల మీద ఆగిన అతని పాదాలు కనిపిస్తున్నాయి. "బండి పలికిందే వదినా. భేష్. పని ముగిసినట్టేనా? ఎండ కూడా తగ్గింది, సీక్రం బయల్దేరదాం."

ముగిసిందని చెప్పాలి. నేను అలిసిపోయాను, దాంట్లో అబద్ధం లేదు, ఈ క్షణాన కూడా నా కీళ్ళన్నీ అదే చెబుతున్నాయి. నిద్ర కావాలన్నది నిజం, తీసుకుపొమ్మన్నది నిజం. కానీ ఈ కాసేపట్లో నేనాయన మూతి తుడవలేదు, పక్కకి తిప్పలేదు. ఆయన నాకు పని చెప్పారు, తప్పు పట్టారు, విసుక్కున్నారు, నేను పడ్డాను. ఈ కాసేపు నాకు రోగి కనిపించలేదు, మొగుడు కనిపించాడు. అదే ఇప్పుడొచ్చిన చిక్కు. రోగిని కోడంబాక్కంలో దింపి రావచ్చు. మొగుణ్ణి దింపి వస్తే రేపు పొద్దున కాఫీ చేసి ఎవరి చేత కాదు అనిపించుకోను. ఆ మంచం మీద కాళ్ళు బారజాపుకుంటే మాత్రం ఎక్కడ నిద్రపడుతుంది. నాకు ఈయన కావాలి. ఓపిక లేదు, అయినా కావాలి. ఓపిక సంగతి తరవాత చూసుకుందాం.

స్పానరు ఇంకా నా చేతిలోనే ఉంది. నట్టుకి తగిలించి వెనక్కి తిప్పాను, ఇంకో చుట్టు తిప్పాను. అతుకు నోరు విప్పి బుస్సుమంది, వేడి గాలి మణికట్టు మీద చుర్రున తగిలింది, ఇంజను చప్పుడు పాత గుడ్డ చించినట్టు మారిపోయింది. రాజా పాదాలు ఒక మెట్టు వెనక్కి వెళ్ళాయి. నేను భయపడింది రాజాకి కాదు. పైన సీట్లో కూర్చున్న మనిషికి ఇప్పుడేం జరిగిందో నట్టుతో సహా తెలుసు. బిగిసిన చప్పుడు విన్నారు, విప్పిన చప్పుడూ విన్నారు. నురగ తగ్గేదాకా ఆగి పోసే మనిషి. ఇంజను ఆపేసి, కర్ర దింపి, నా దొంగతనాన్ని రాజా ముందు పెట్టి కాదు అంటే, అక్కడితో సరి. చెయ్యి మంటగా ఉంది. ఇంజను ఆగుతుందని చూస్తున్నాను.

ఆగలేదు. పైన ఎడమ కాలు అటు నుంచి ఇటుకి జరిగిన చప్పుడైంది, ఆ వెంటనే ఆక్సిలరేటరు అదిరింది. కారంతా వణికింది, పొగ, మోత, ఎదురింటి కుక్క లేచి మొరగడం మొదలుపెట్టింది. రాజా మోతకి మించి అరుస్తున్నాడు. "ఏందొదినా ఇది, ముందు కంటే అధ్వానంగా ఉండాదే."

"లీకుండాది రాజా," నేనూ అరిచాను. "ఈ పొద్దుకి కాదు."

"రేపు కృష్ణన్‌ని పిలుచుకోనొస్తా."

"వద్దులే. ఈయన చెప్తారు, నేను చేస్తా. నువ్వు మాట్లాడినావే ఆ నర్సు, అతన్ని ఈడికి పంపు. రేపే పంపు. నా చేత కావడం లేదు."

పైనుంచి మోత ఒక క్షణం తగ్గి మళ్ళీ లేచింది. రాజా ఏమనుకున్నాడో తెలీదు. లోపలికెళ్ళి సంచి తెచ్చుకుని, "సరి వదినా, పంపిస్తా" అని మెట్లు దిగాడు. అతని పాదాలు నా పక్కగానే నడిచి, గేటు దాటి, స్టేషను వైపు తిరిగాయి. సందు మలుపులో అవి కనపడకుండా పోయేదాకా ఆయన ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తియ్యలేదు.